సున్తీ శిబిరంలో ‘ఈరోజు వద్దు’ అనే మనిషి ఒకరు ఉండాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మసీదు కమిటీల పెద్దలకు, ఉచిత ఖత్నా (సున్తీ) శిబిరాలు నడిపే యువజన సంఘాలకు,

అస్సలాము అలైకుం.

వేసవి సెలవులు దగ్గరపడితే జుమా నమాజు తర్వాత మైకులో ప్రకటన వినిపిస్తుంది. ఫలానా ఆదివారం, ఫలానా షాదీఖానాలో ఉచితంగా సున్తీలు, పిల్లల పేర్లు రాయించండి అని. ఆ రోజు పిల్లాడికి కొత్త లుంగీ, పండ్లు, వచ్చినవాళ్లందరికీ భోజనం. కూలి చేసుకునే ఇంటికి ఆసుపత్రి ఖర్చు తప్పుతుంది. మీ ఉద్దేశానికి వంక పెట్టేదేమీ లేదు. ఈ లేఖ రాస్తున్న మేము పిల్లల సర్జన్లం, మత్తు డాక్టర్లం, థియేటర్ నర్సులం. సున్తీ ఆపేయమని అడగడానికి రాయడం లేదు.

పిల్లాడికి సున్తీ చేయించాలా, చేయిస్తే ఎప్పుడు, ఎవరిచేత ఎలా? ఇవి మూడు వేర్వేరు నిర్ణయాలు. శిబిరం ప్రకటించగానే మూడూ కలిసి ఒక తేదీగా మారిపోతున్నాయి. పేరు రాయించిన పిల్లాడు, టోకెన్ తీసుకున్న పిల్లాడు, లుంగీ కట్టించుకున్న పిల్లాడు ఇక వెనక్కి వెళ్లడం కష్టం. చుట్టాలు వచ్చి ఉంటారు, వంట అయి ఉంటుంది. ఆ క్షణంలో ‘ఈరోజు వద్దు’ అనగలిగిన మనిషి శిబిరంలో ఒకరుండాలి. ఆ మాట చెల్లాలంటే ఏమేం కావాలో ఈ లేఖలో చెబుతున్నాం.

చేయించాలా వద్దా అన్నదాంట్లో మేం తలదూర్చం. సున్తీ మీకు ప్రవక్త సంప్రదాయం. హనఫీ ధర్మశాఖ వాళ్లు సున్నత్ (పాటించదగిన సంప్రదాయం) అంటారు, షాఫీ శాఖ వాళ్లు తప్పనిసరి అంటారు. తల్లిదండ్రులకు ఆ కారణం చాలు. దానికి డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు. మాకు ఇబ్బందిగా ఉండేది కరపత్రాల్లో రాసే మాటలు: ‘సున్తీ చేయిస్తే క్యాన్సర్ రాదు, ఎయిడ్స్ రాదు, మూత్రవ్యాధులు రావు.’ ఇలా రాయకండి. లెక్క ఇది. ఏ లోపమూ లేని పిల్లల్లో ఒక్క మూత్ర ఇన్ఫెక్షన్‌ను తప్పించాలంటే సుమారు 111 మందికి సున్తీ చేయాలి. మూత్రం కిడ్నీల్లోకి బాగా ఎగదన్నే జబ్బున్న పిల్లల్లో అయితే నలుగురికి చేస్తే చాలు. ఆ పిల్లల్లో అది నిజంగానే మందు. హెచ్‌ఐవీ సంగతి చూస్తే దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో పెద్ద మగవాళ్ల మీద చేసిన మూడు పరీక్షల్లో, ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు సోకడం 50 నుంచి 60 శాతం తగ్గింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది కూడా ఆ జబ్బు విపరీతంగా ఉన్న ఆఫ్రికా దేశాలకే. ‘తగ్గింది’ అంటే ‘రాదు’ అని కాదు. పైగా ఆ లాభం యుక్తవయసులో అక్కరకొచ్చేది. దాని పేరు చెప్పి నాలుగేళ్ల పిల్లాణ్ని ఈ ఆదివారమే పడుకోబెట్టాల్సిన తొందరేమీ లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో లాభాలు నష్టాల కన్నా ఎక్కువే అంది. అయినా పుట్టిన ప్రతి మగబిడ్డకూ చేయమని మాత్రం చెప్పలేదు. విశ్వాసంతో చేసే పనికి వైద్యం దగ్గర అప్పు తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఇక్కడే ఇంకో మాట, ఇది మతంతో పని లేనిది. సున్తీ ఆచారం లేని ఇళ్ల పిల్లల్ని కూడా ‘తోలు వెనక్కి రావట్లేదు, ఫైమోసిస్, కోసేయాలి’ అని శిబిరాలకు, క్లినిక్కులకు పంపుతున్నారు. పుట్టినప్పుడు ముందుతోలు అంగం మొనకు అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు, గోరు వేలికి అంటుకుని ఉండటం లాంటిదే. అది విడివడటానికి ఏళ్లు పడుతుంది. డెన్మార్క్‌లో బడిపిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించి జాకబ్ ఓస్టర్ అనే డాక్టరు 1968లో ప్రకటించిన లెక్క ప్రకారం 6–7 ఏళ్ల వయసులో నూటికి 8 మందికి తోలు బిగుతు ఉంది, 16–17 ఏళ్లకు ఒక్కరికే ఉంది. తోలు కింద తెల్లటి ముత్యంలా కనిపించేది చీము కాదు, రాలిన చర్మకణాల ముద్ద. మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బినా, ధార బాగా వస్తే కంగారు లేదు. నిజంగా కోయాల్సిన ఫైమోసిస్ వేరేగా ఉంటుంది. తోలు అంచు తెల్లగా, గట్టిగా, మచ్చకట్టిన వలయంలా మారి, లాగితే చీలి రక్తం వస్తుంది. అది కానప్పుడు ముందు బీటామెథసోన్ లేపనం రోజుకు రెండుసార్లు చొప్పున 4 నుంచి 8 వారాలు రాసి చూడాలి. చాలామందికి దాంతోనే సరిపోతుంది. స్నానం చేయించేటప్పుడు రోజూ బలవంతంగా వెనక్కి లాగమని తల్లులకు చెప్పే డాక్టర్లు దయచేసి ఆ మాట మానుకోవాలి. లాగితే చీలుతుంది, చీలితే మచ్చ కడుతుంది, అప్పుడు లేని ఫైమోసిస్ నిజంగా వస్తుంది. లాగిన తోలు వెనక్కి వెళ్లి మొన కింద ఉంగరంలా బిగుసుకుంటే అది ఆ గంటలోనే తీర్చాల్సిన అత్యవసరం.

ఇక పరీక్ష బల్ల. శిబిరం రోజు పొద్దున, వరుసలో నిలబెట్టి, టార్చి వేసి చూసేది పరీక్ష కాదు. రెండు వారాల ముందు ఒక శుక్రవారం పెట్టండి. వెలుతురు ఉన్న గది, తల్లి పక్కన, ఒక్కో పిల్లాడికి ఐదారు నిమిషాలు.

మొదట చూడాల్సింది మూత్రరంధ్రం ఎక్కడుందని. సుమారు 200 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరికి అది మొన మీద కాకుండా కింది వైపు ఉంటుంది. హైపోస్పాడియాస్ అంటారు. చాలామందిలో తోలు పైన ముసుగులా ఉండి, కింద ఉండదు. అంగం కిందికి వంగి ఉండొచ్చు. మన ఇళ్లలో ఇలాంటి బిడ్డను చూసి ‘అల్లానే సున్తీ చేసి పంపాడు’ అని మురిసిపోతారు. ఆ మిగిలిన కొంచెం తోలునూ ‘పూర్తి చేయించేద్దాం’ అని శిబిరానికి తెస్తారు. అదే కొంప ముంచుతుంది. ఆ రంధ్రాన్ని మొన దాకా తెచ్చే ఆపరేషన్‌లో కొత్త మూత్రనాళం కట్టడానికి, దాని మీద కప్పడానికి సర్జను వాడుకునే గుడ్డ ఆ తోలే. కోసి బకెట్లో పడేస్తే ఆ పిల్లాడికి నోటి లోపలి చర్మం తీసి అతకాల్సిన పరిస్థితి రావొచ్చు. దాన్ని సరిచేసే ఆపరేషన్ మామూలుగా 6 నుంచి 18 నెలల మధ్య చేస్తారు, సున్తీ కూడా అందులోనే అయిపోతుంది. కాబట్టి అలాంటి బిడ్డ తల్లికి ఆ రోజు ‘వద్దు’ అని చెప్పి ఊరుకోకూడదు. హైదరాబాద్ నిలోఫర్ కానీ, విశాఖ కేజీహెచ్ కానీ, దగ్గర్లోని బోధనాసుపత్రి కానీ, ఎక్కడికి పోవాలో, పిల్లల సర్జరీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో చీటీ రాసివ్వాలి. కొందరిలో తోలు మామూలుగానే ఉండి, రంధ్రం మాత్రం లోపల తేడాగా ఉంటుంది. తోలు చీల్చి వెనక్కి తీశాకే అది కనిపిస్తుంది. కనిపించిన చోటే ఆగిపోవాలి, రెండు కుట్లు వేసి పంపాలి. సగంలో ఆపిన సున్తీ అవమానం కాదు.

రెండోది, అంగం కొవ్వులో కూరుకుపోయిందా, వృషణాల తిత్తి చర్మం అంగం మధ్య దాకా గొడుగు గుడ్డలా సాగి ఉందా? బొద్దుగా ఉన్న పిల్లల్లో అంగం పొట్టిగా కనిపిస్తుంది, ‘పొడుగ్గా ఉన్న తోలంతా తీసేయండి’ అంటారు. నిజానికి అక్కడ తోలే తక్కువ. ఉన్నది కోశాక అంగం లోపలికి జారి, మానుతున్న మచ్చ దాని మీద మూతలా బిగుసుకుంటుంది. సున్తీ చేసిన వారాల్లోనే సూదిమొనంత రంధ్రం నుంచి మూత్రం పోసుకునే పిల్లాడు ఇలాగే తయారవుతాడు.

మూడోది రక్తం. దీన్ని కంటితో కాదు, ప్రశ్నలతో పట్టుకోవాలి. బొడ్డు ఊడినప్పుడు రోజుల తరబడి రక్తం కారిందా? టీకా వేసిన చోట గట్టిగా నల్లగా కమిలిందా? పళ్లు వచ్చేటప్పుడు, పెదవి చిట్లినప్పుడు ఆగలేదా? అన్నకు సున్తీ అయినప్పుడు ఏమైంది? అన్నింటికన్నా ముఖ్యం, మేనమామలెవరికైనా, తల్లి తరఫు మగవాళ్లెవరికైనా రక్తం ఆగని జబ్బుందా? హీమోఫీలియా తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. అందుకే ఈ ప్రశ్నలు తండ్రిని అడిగితే లాభం లేదు, తల్లిని అడగాలి. శిబిరంలో ఫారం నింపేది ఎప్పుడూ తండ్రే! సున్తీ విషయంలో ఈ జబ్బును మనుషులు గుర్తించింది నిన్న మొన్న కాదు. ఇద్దరు కొడుకులు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయొద్దని యూదుల తాల్ముద్‌లోనే ఉంది. అయితే మూడింట ఒక వంతు కేసుల్లో కుటుంబంలో ఎవరికీ లేకుండానే వస్తుంది. కాబట్టి ఏ ఒక్క జవాబు అనుమానంగా ఉన్నా రక్తకణాల లెక్క, రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు చేయించాలి. అవి మామూలుగా వచ్చినా అనుమానం తీరకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. కొన్ని రక్తస్రావ జబ్బులు ఈ పరీక్షలకు దొరకవు. హీమోఫీలియా ఉన్న పిల్లాడికి కూడా రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఎక్కిస్తూ, హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) ఉన్న చోట సున్తీ చేయొచ్చు. షాదీఖానాలో మాత్రం కాదు.

కొంచెం రక్తమే కదా అంటారేమో. ఒంట్లో రక్తం కిలోకు సుమారు 80 మి.లీ. మూడు కిలోల పసికందుకు మొత్తం 240 మి.లీ, అంటే ఒక మంచినీళ్ల గ్లాసంత. అందులో 25 మి.లీ పోవడమంటే పదో వంతు పోవడం. అంత రక్తాన్ని ఒక డైపర్ చప్పుడు లేకుండా పీల్చేసుకుంటుంది. పైకి మరకగా మాత్రమే కనిపిస్తుంది.

ఇవి కాక జ్వరం, విరేచనాలు, అంగం మీద పుండు, టీకాలు సరిగా పడకపోవడం కూడా వాయిదాకు కారణాలే. ధనుర్వాత టీకా 6, 10, 14 వారాలకు, మళ్లీ ఏడాదిన్నర వయసులో, ఐదేళ్లకు వేస్తారు. ఆ కార్డు తెమ్మనండి.

ఎప్పుడు? రెండు నెలల లోపు బిడ్డ, బరువు రెండున్నర కిలోలు దాటి, పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ పడి, కామెర్లు లేకుంటే, ఆ చోటు మాత్రమే మొద్దుబార్చే లోకల్ ఇంజెక్షన్‌తో తేలిగ్గా అయిపోతుంది. వారం పది రోజుల్లో మానుతుంది. ఆ వయసులో చేస్తే చిక్కులు నూటికి ఒకటిన్నర దాకా, ఏడాది దాటిన పిల్లల్లో శిక్షణ ఉన్నవాళ్లు చేసినా నూటికి ఆరు దాకా అని 2010లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్క తేల్చింది. వాటిలో ఎక్కువ చిన్నవే, నయమయ్యేవే. మన దగ్గర మాత్రం బేసి సంవత్సరం చూసి మూడో ఏట, ఐదో ఏట చేయిస్తారు. మా అనుభవంలో శిబిరానికి అన్నింటికన్నా పనికిరాని వయసు అదే. చెబితే అర్థం కాదు, పట్టుకుంటే ఆగడు. ఆ వయసు పిల్లాడికి పూర్తి మత్తు, అంటే ఆసుపత్రి కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లాడైతే చాలావరకు మాట వింటాడు, ఇంజెక్షన్‌కి ఓర్చుకుంటాడు. ఏడో రోజునా, ఏడో ఏటా, యుక్తవయసుకు ముందా అన్నదాంట్లో మీ దగ్గర వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకోండి.

ఏడేళ్ల పిల్లాడికి ముందే చెప్పాలి కూడా. ‘అదిగో సోనేకి చిడియా’ అని పైకి చూపించి కోసేసే పద్ధతి ఇంకా పోలేదు. పిల్లాడు పైకి చూస్తాడు, బంగారు పిట్ట ఉండదు. ఆ తర్వాత డ్రెస్సింగ్ మార్చడానికి వాడు ఎవరినీ దగ్గరికి రానివ్వడు, మూత్రం బిగబట్టుకుంటాడు. ఇంజెక్షన్ చీమ కుట్టినట్టు మండుతుంది, తర్వాత లాగుతున్నట్టు ఉంటుంది కానీ నొప్పి ఉండదు, నొప్పనిపిస్తే చెప్పు, ఆపుతాం అని చెబితే చాలు. అన్నట్టుగా ఆపాలి కూడా.

వేసవి గురించి ఒక మాట. సెలవులని మే నెలలో పెడతారు. రేకుల షెడ్డు, చెమట, కరెంటు కోత, తెల్లవారుజాము నుంచి పస్తు పెట్టిన పిల్లలు. దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో వాడుకుంటే సగం బాధలు తీరతాయి. లోకల్ ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చేట్టయితే ఖాళీ కడుపు అక్కర్లేదు, తేలికగా తినిపించే తెమ్మనండి. మత్తు ఇచ్చేట్టయితే అన్నం ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. మత్తు డాక్టరు, ఆక్సిజన్, సక్షన్, పల్స్ ఆక్సీమీటర్ లేని చోట కెటమిన్ అనే మత్తుమందు సీసా మూత తీయకూడదు. ఇంట్లో తాగించి తెచ్చే నిద్ర సిరప్పు కూడా అంతే.

ఇంజెక్షన్ దగ్గర జరిగే తప్పులు రెండు. ఒకటి, మందు మోతాదు. మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్ కిలోకు 3 మి.గ్రా దాటకూడదు. 15 కిలోల పిల్లాడికి 45 మి.గ్రా. 2 శాతం మందులో అది రెండుంపావు మి.లీ, 1 శాతం మందులో నాలుగున్నర మి.లీ. సీసా మీది శాతం చూడకుండా ‘నాలుగు నాలుగున్నర’ లాగితే మోతాదు రెట్టింపవుతుంది. పిల్లాడు మత్తుగా తూలి, కండరాలు అదిరి, ఫిట్స్ దాకా పోవచ్చు. అందుకే ప్రతి పిల్లాడినీ ఆ రోజు బరువు తూచి, అంకెను చెయ్యి మీద పెన్నుతో రాయండి. రెండోది, అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్. పంటి డాక్టర్లు, చర్మం కుట్టేవాళ్లు వాడే ఆ సీసా అదే మందుల షాపులో పక్కనే ఉంటుంది. రక్తనాళాల్ని బిగించే ఆ మందును అంగానికి వాడకూడదు. ప్రతి పిల్లాడికీ కొత్త సూది, కొత్త సిరంజి. మందు ఎక్కించాక ఐదు నిమిషాలు ఆగి, ఫోర్సెప్స్‌తో గిల్లి చూసి, ముఖం మారకపోతేనే మొదలుపెట్టాలి. వరుస పొడుగ్గా ఉన్నప్పుడు మొదట మింగేసేది ఈ ఐదు నిమిషాలనే.

ఇప్పుడు కరెంటు పెన్ను. రక్తం రాకుండా కోస్తుందని కాటరీ అంటే శిబిరాల్లో మోజు. మోనోపోలార్ కాటరీలో కరెంటు పెన్ను మొన నుంచి ఒంట్లోకి వెళ్లి తొడ కింద పెట్టిన ప్లేటు గుండా బయటికి పోతుంది. అంగం మొన దగ్గర తాకిస్తే ఆ కరెంటంతా వేలంత సన్నని దారిలో, అంగం మొదలు గుండానే పోవాలి. అక్కడి రక్తనాళాలు ఉడికి గడ్డకడతాయి. అప్పటికి ఏమీ కనిపించదు. ఆ తర్వాత అంగం నల్లబడుతుంది, కొన్నాళ్లకు రాలిపోతుంది. కెనడాలోని విన్నిపెగ్‌లో 1966లో ఎనిమిది నెలల పిల్లాడికి కాటరీతో సున్తీ చేయబోయి అంగమే పోయిన సంగతి ప్రపంచమంతా తెలుసు. లోహపు క్లాంపు బిగించి దానికి కాటరీ తాకిస్తే ఇంకా ఘోరం. వాడాల్సి వస్తే బైపోలార్ వాడాలి. దాంట్లో కరెంటు రెండు కొనల మధ్యే తిరుగుతుంది. ‘లేజర్ సున్తీ’ అని బోర్డు ఉంటే ఆ యంత్రం అసలు ఏమిటో అడిగి చూడండి.

కోయడం గురించి ఇంత పెద్ద లేఖలో చెప్పాల్సింది తక్కువే. చేసేవాళ్లకు తెలియాలి, తెలియనివాళ్లు చేయకూడదు. అయితే రెండు చోట్ల మాత్రం కన్నేసి ఉంచమంటాం. కోసే గీతను తోలు లాగకముందే, అంగం మామూలుగా ఉన్నప్పుడే పెన్నుతో గీయాలి. లాగి గీస్తే కోశాక చర్మం చాలదు. లోపలి పొరలో మొన అంచు కింద అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా మిగలాలి. రెండోది, మొన కింది వైపున్న సన్నని మడత, ఫ్రెన్యులం. రక్తం ఎక్కువ వచ్చేది అక్కడి చిన్న ధమని నుంచే. కంగారులో అక్కడ లోతుగా కుట్టు వేస్తే సూది మూత్రనాళంలోకి దిగుతుంది. రోజులు గడిచాక మూత్రం రెండు చోట్ల నుంచి వస్తుంది. ముందు గాజ్ గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి పట్టి, అప్పటికీ ఆగకపోతేనే పైపైన కుట్టాలి.

ప్లాస్టిక్ రింగు పెట్టి పంపే శిబిరాలకు ఒక హెచ్చరిక. ప్లాస్టిబెల్ అనే ఆ రింగు 1.1 నుంచి 1.7 సెం.మీ దాకా పలు కొలతల్లో వస్తుంది. ఒకే కొలత పెట్టె కొని అందరికీ అదే పెట్టడం కుదరదు. పెద్దదైతే వెనక్కి జారి అంగాన్ని నులుముతుంది, చిన్నదైతే మొనను నొక్కేస్తుంది. మామూలుగా 5 నుంచి 8 రోజుల్లో రాలాలి. పదో రోజుకీ రాలకపోతే ఎవరి దగ్గరికి పోవాలి? ఆ రోజుకు శిబిరం టెంటు ఊడిపోయి ఉంటుంది. రింగు వాడే శిబిరం పదో రోజున కూడా తెరిచి ఉండాలి.

పనిముట్ల లెక్క మీరే వేయండి, డాక్టరును అడగక్కర్లేదు. ఒక పిల్లాడికి ఒక సెట్టు. వాడిన సెట్టును కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి, ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లార్చేసరికి గంటన్నర దాటుతుంది. నీళ్లలో మరిగిస్తే ధనుర్వాతం బీజాలు చావవు. గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ఇరవై నిమిషాలు ముంచడం క్రిమిశుద్ధే కానీ పూర్తి స్టెరిలైజేషన్ కాదు. దానికైతే పది గంటలు ముంచాలి. 60 మంది పిల్లల్ని పిలిచి 12 సెట్లు పెట్టుకుంటే, 13వ పిల్లాడికి వాడింది ఏమిటి? పనితీరు లెక్క కూడా అంతే. ఇంజెక్షన్, ఆగడం, కోయడం, కుట్టడం, కట్టు అన్నీ కలిపితే జాగ్రత్తగా చేసే సర్జనుకు ఒక్కొక్కరికి అరగంట. పొద్దున ఏడింటి నుంచి పన్నెండింటి దాకా పదిమంది. ఇద్దరు సర్జన్లుంటే ఇరవై. ‘ఒక్క రోజులో వంద సున్తీలు’ అని ఫ్లెక్సీ చూస్తే మాకు గర్వం కలగదు, భయం వేస్తుంది. పన్నెండు తర్వాత కొత్త పిల్లాణ్ని బల్ల ఎక్కించకండి. రక్తం కారితే పగలే కారాలి, డాక్టర్లు ఉండగానే కారాలి.

చేశాక రెండు గంటలు అక్కడే ఉంచండి. మొదటి గంటలో పావుగంటకోసారి గుడ్డ తీసి చూడాలి. రూపాయి బిళ్లంత మరక పర్వాలేదు. పెరుగుతున్న మరక, కారుతున్న చుక్క అయితే పర్వాలేదు అనుకోకూడదు. ఇంటికి బైకు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దని చెప్పండి. ఆటో మాట్లాడండి, భోజనం ఖర్చులో అదెంత! రాత్రి రెండు మూడు గంటలకోసారి లేచి చూడాలి. ఎనిమిది గంటలైనా మూత్రం పోయకపోతే గోరువెచ్చని నీళ్లు పోసి ప్రయత్నించాలి. పన్నెండు గంటలైనా పోయకపోతే ఆసుపత్రికి పోవాలి, కట్టు బిగుసుకుని ఉండొచ్చు. కట్టును ఎండిపోయినప్పుడు పీకకూడదు, రెండో రోజు నానబెట్టి తీయాలి. మొన మీద పసుపుపచ్చటి పొర కడితే అది చీము కాదు, మానుతున్న గుర్తు, గీరకూడదు. పసుపు, బూడిద, పౌడరు చల్లొద్దు. పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే మొన తోలుకు మళ్లీ అతుక్కోదు. ఎరుపు పొత్తికడుపు వైపు పాకితే, జ్వరం వస్తే, మొన నీలంగానో నల్లగానో మారితే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి చేయాలి. మూత్రం ధార సన్నబడి పైకి చిమ్మడం నెలలకో ఏళ్లకో కనిపించవచ్చు. రంధ్రం ముడుచుకుపోయిందని అర్థం, చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

నొప్పికి పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. సిరప్పులు రెండు రకాలు: 5 మి.లీలో 120 మి.గ్రా ఉన్నది, 250 ఉన్నది. 12 కిలోల పిల్లాడికి మొదటిదైతే ఏడున్నర మి.లీ, రెండోదైతే మూడున్నర మి.లీ. శిబిరంలో అందరికీ ఒకే రకం సీసా ఇచ్చి, బరువును బట్టి ఎన్ని మి.లీ అన్నది సీసా మీదే రాయండి. ‘రెండు మూతలు’ అని నోటిమాటగా చెప్పకండి.

హజామ్‌ల గురించి రాయకుండా ముగిస్తే అన్యాయం. హజామ్, నాయీ ముస్లిం, నవీద్ అని బీసీ-ఈ జాబితాలో ఉన్న ఈ కుటుంబాలే తరాలుగా మన పిల్లల సున్తీలు చేశాయి. చీల్చిన వెదురు ముక్కలో తోలును బిగించి, కత్తితో ఒక్క వేటున కోసి, కాల్చిన గుడ్డ బూడిద అద్దే ఆ పనిలో చెయ్యి నేర్పు ఉంది. లేనిది చూపు. వెదురుకు అవతల మొన ఎక్కడుందో కనిపించదు, అందుకే మొన తెగుతుంది. రంధ్రం తేడా తెలియదు, బూడిదలో ధనుర్వాతం ఉంటుంది, కత్తి ఒకరి నుంచి ఇంకొకరికి కామెర్ల వైరస్‌ను మోస్తుంది. ఆ పని ఆపమని అడగాలి, తిట్టి కాదు. ఆ ఇళ్లలో నర్సింగో, థియేటర్ టెక్నీషియన్ కోర్సో చదివిన పిల్లలుంటే శిబిరానికి మొదట పిలవాల్సింది వాళ్లనే. ఆర్‌ఎంపీలు ఈ పని ముట్టుకోవడం గురించి మాత్రం మాకు ఇంత సానుభూతి లేదు.

సున్తీ మీద నిషేధం కోరిన పిటిషన్‌ను 2023లో కేరళ హైకోర్టు కొట్టేసింది. మన దేశంలో దీనికి ప్రత్యేక చట్టం లేదు. ఏ తనిఖీ అధికారీ మీ షాదీఖానాకు వచ్చి సెట్లు లెక్కపెట్టడు. లెక్కపెట్టాల్సింది మీరే.

ఈ ఏడాది ఫారంలో రెండు మార్పులు చేయండి. తల్లి సంతకానికి ఒక గడి పెట్టండి, రక్తం ప్రశ్నలు ఆ గడికి పైనే ఉండాలి. చివర్లో ‘ఈరోజు వద్దు, కారణం, ఎక్కడికి పంపాం, ఎప్పుడు మళ్లీ రావాలి’ అని ఇంకో గడి పెట్టండి. ఆ గడి నింపే అధికారం పరీక్ష బల్ల దగ్గర కూర్చున్న డాక్టరుకు ఒక్కరికే ఇవ్వండి. మసీదు నిర్వహణ చూసే ముతవల్లీ సాబ్ చెప్పినా, విరాళమిచ్చిన సేఠ్ చెప్పినా అది చెరగకూడదు. ఆ గడి పడిన పిల్లాడికి కూడా లుంగీ, పండ్లు, భోజనం అందరితో పాటే ఇవ్వండి. పరీక్ష శుక్రవారం ఏదో ముందుగా చెబితే బరువు తూచే యంత్రంతో సహా మేం వస్తాం.

ఇట్లు,
కొందరు పిల్లల సర్జన్లు, మత్తు డాక్టర్లు, థియేటర్ నర్సులు